చెంబెడు నీళ్లు ఎవరికొస్తాయి?

చిన్నీకి, బన్నీకి తాత ఆశీస్సులు.

మొన్న మీ దగ్గర్నుంచి బయల్దేరి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. నానమ్మ అన్నం పెడుతూ "పిల్లలేమన్నారు?" అని అడిగింది. "చిన్ని ఒక ప్రశ్న వేసింది, జవాబు చెప్పలేక వచ్చేశా" అన్నాను. ఆ జవాబే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే మధ్యలోనే "బై తాతా" అంటారు. అందుకని కాయితం పట్టుకున్నా.

గుర్తుందా? మీ బాత్రూం నల్లా ఎంత బిగించినా చుక్క చుక్క కారుతోంది. నాకు నిద్ర పట్టక రాత్రి దాని కింద చెంబు పెట్టాను. తెల్లారేసరికి చెంబు నిండి పొర్లుతోంది. అది తెచ్చి మీకు చూపిస్తే చిన్ని అంది: "తాతా, ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఫ్రీ. మనం అంత వాడం కూడా. ఈ చెంబెడు మిగిలిస్తే ఎవరికొస్తాయి?"

బన్నీ నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన. పిల్ల తప్పేం అడగలేదు. మిగిల్చినవి ఎవరికీ రాకపోతే మిగల్చడం దేనికి?

ముందు ఆ నీళ్లు ఎక్కడివో చెప్తా. హైదరాబాద్‌లో మీ వనస్థలిపురానికి వచ్చేవి కృష్ణా నది నీళ్లు. నాగార్జునసాగర్ వెనక పుట్టంగండి దగ్గర పంపులు వాటిని పైకి ఎత్తుతాయి. అవి అక్కంపల్లి రిజర్వాయర్‌కు చేరి, కోదండాపూర్‌లో శుద్ధి అయి, నసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా మీ పక్కనే ఉన్న సాహెబ్‌నగర్‌కు వస్తాయి. వంద కిలోమీటర్ల పైనే ప్రయాణం. అదీ ఎగువకు! సాగర్ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాద్ సముద్రమట్టానికి 1,700 అడుగుల పైనే ఉంది. అంటే మీ బకెట్లో పడే ప్రతి చుక్కనూ వెయ్యి అడుగులకు పైగా ఎవరో మోసుకొచ్చినట్టే. బన్నీ, నీ సైన్సు పుస్తకం తీసి లెక్క వెయ్యి. వెయ్యి లీటర్లను వెయ్యి అడుగులు ఎత్తడానికే ముప్పావు యూనిట్ పైన కరెంటు కావాలి. మోటార్లలో, పైపుల్లో పోయే నష్టం కలిపితే యూనిట్ దాటుతుంది. 1920లో గండిపేట చెరువు కట్టినప్పుడు ఈ బాధ లేదు. అది నగరం కన్నా ఎత్తులో ఉంది కాబట్టి నీళ్లు పల్లానికి వాటంతటవే ఆసిఫ్‌నగర్ దాకా వచ్చేవి. ఊరు పెరిగింది, గండిపేట పెరగలేదు.

సరే, ఇదంతా ఖర్చు లెక్క. చిన్ని అడిగింది ఇది కాదు. ఎవరికొస్తాయని కదా అడిగింది. దానికి మీరు నాతో మా ఊరి చెరువు కట్ట మీదికి రావాలి.

నా చిన్నప్పుడు మా చెరువుకు నీరటి ఉండేవాడు. ఊళ్లో పొలాలకు నీళ్లు పెట్టే మనిషి. మేం నీరటి కాకా అనేవాళ్లం. భుజాన పార, మోకాళ్ల దాకా బురద, రాత్రయితే చేతిలో లాంతరు. తూము తీసేదీ ఆయనే, మూసేదీ ఆయనే. తూము దగ్గర చెక్క బిరడా సరిగ్గా కూచోక నీళ్లు కారుతుంటే, ఊపిరి బిగబట్టి మునిగి గడ్డీ బంకమన్నూ కుక్కి పైకి వచ్చేవాడు. ఎవరి మడికి ఎంతసేపు పారాలో అంతసేపే. ఊరి పెద్ద పొలమైనా సరే, వంతు దాటితే కాలువకు మట్టి అడ్డం వేసేసేవాడు. కోతలయ్యాక కళ్లాల దగ్గరికి వస్తే ఒక్కో రైతు ఆయన వాటా వడ్లు కొలిచి పోసేవాడు. చిటికెడు గింజలు తక్కువైనా ఆయన ఏమీ అనేవాడు కాదు, నీళ్ల దగ్గర మాత్రం మాట పడేవాడు కాదు.

నాకు పన్నెండేళ్లప్పుడు వానలు సరిగ్గా పడలేదు. చెరువు సగానికే నిండింది. అలాంటి ఏడు యాసంగి పంటకు ఊరంతా కూచుని తైబందీ వేసుకునేవాళ్లు. అంటే ఉన్న నీళ్లకు ఎన్ని ఎకరాలు పారతాయో అన్నే నాటాలని, అందులో ఎవరికెంతో ముందే తేల్చుకోవడం. మాకు అరెకరం వచ్చింది. మా బాపు మనసు చిన్నబుచ్చుకున్నాడు. అది చూసి నేను పెద్ద వీరుణ్ణనుకుని ఒక రాత్రి వెళ్లి కాలువకు చిన్న గండి కొట్టి, మా మడికి నీళ్లు మళ్లించి వచ్చి పడుకున్నా. మడి నిండాక పొర్లి పక్కనున్న బీడులోకి పోయింది. దాని సంగతి నాకేం తెలుసు, నేను నిద్రలో ఉన్నా.

తెల్లవారుజామున నీరటి కాక మా వాకిట్లో నిలబడ్డాడు. బాపుతో ఏమీ అనలేదు. "పిలగాణ్ణి ఓసారి పంపు" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని కాలువ వెంబడి నడిపించాడు. చాలా దూరం. ఆయకట్టు చివరి మడి దగ్గర ఆగాడు. నిన్న సాయంత్రమే అక్కడికి నీళ్లు రావలసింది. నాట్లేసి పది రోజులైన నారు ఆకులు చుట్టుకుపోయి ఉంది. మడిలో నెర్రెలు, నా వేలు పట్టేంత. ఆ మడి ఒక ముసలమ్మది, ఆమె గట్టు మీద కూచుని ఉంది. నన్ను చూసి ఏమీ అనలేదు, నేనెందుకొచ్చానో ఆమెకు తెలియదు కూడా. "బువ్వ తిన్నవా బిడ్డా" అని అడిగింది.

చిన్నీ, మిగిల్చినవి ఎవరికొస్తాయంటే, కాలువ చివర ఉన్నవాళ్లకు. నాకు వాళ్లు కనిపించారు కాబట్టి తెలిసింది. మీ పైపుకు కూడా ఒక చివర ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్ సంపు నిండితే లోపల బాల్ వాల్వు మూసుకుని, నీళ్లు ముందుకు సాగుతాయి. అది నిండకుండా పైన కారుతూనే ఉంటే వాల్వు తెరిచే ఉంటుంది, ముందున్న బస్తీలో ప్రెషర్ తగ్గుతుంది. అక్కడి వాళ్లు బిందెలు పెట్టుకుని ఎదురు చూస్తారు. మీ ఒక్క చెంబుతో వాళ్ల బిందె నిండుతుందని అబద్ధం చెప్పను. కానీ సెకనుకో చుక్క కారితే రోజుకు నాలుగైదు లీటర్లు. మీ బిల్డింగులో ఎన్ని ఫ్లాట్లు, మీ కాలనీలో ఎన్ని బిల్డింగులు, మీరే గుణించుకోండి.

నేనేదో బుద్ధిమంతుణ్ణని కూడా అనుకోకండి. 2018 జనవరి 1 నుంచి మన తెలంగాణలో పొలాలకు 24 గంటలూ ఉచిత కరెంటు వచ్చింది. అంతకుముందు రాత్రి ఏ వేళకో వచ్చే కరెంటు కోసం అందరం మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నాం, కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేలా. ఇక అవసరం లేదు, తీసెయ్యండని చెప్పారు. నేను తియ్యలేదు. బద్ధకం, పైగా ఫ్రీ కదా అన్న ధీమా. మోటారు రాత్రంతా నడిచేది, మడి నిండి పొర్లేది. రెండేళ్లలో గట్టు అవతలి వాళ్ల బోరు ఎండింది. ఆ మరుసటి ఏడు నాదీ. భూమి కిందున్నదీ చెరువే. కాకపోతే దాని కట్టా తూమూ కంటికి కనపడవు, పైగా నీరటి లేడు. అరవై ఏళ్లు దాటినవాణ్ణి, చివరి మడి చూసొచ్చినవాణ్ణి, నేనే మరిచిపోతే నిన్ను ఏమనగలను తల్లీ?

2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేల పైచిలుకు చెరువులున్నాయని లెక్క తేలింది. మా చెరువులోనూ పూడిక తీశారు. ఆ మట్టి నేనూ ట్రాక్టరు పెట్టి చేలోకి తోలుకున్నా. తర్వాత మంచి వానలకు చెరువు నిండి మత్తడి కూడా దూకింది, నానమ్మ కట్ట మైసమ్మకు కొబ్బరికాయ కొట్టింది. పాఖాల, రామప్ప లాంటి కాకతీయుల చెరువులు ఎనిమిది వందల ఏళ్లుగా పంటలకు నీళ్లిస్తూనే ఉన్నాయి. మాదీ ఇంకొన్నాళ్లుంటుంది. కానీ లాంతరు పట్టుకుని రాత్రి కాలువ వెంట నడిచే మనిషి మా ఊళ్లో ఇప్పుడు లేడు. ఎవరి బోరు వాళ్లది, ఎవరి మోటారు వాళ్లది.

మీ అపార్ట్‌మెంట్ పైన ట్యాంకు నిండి పొద్దున ఆరింటికి గోడ వెంట నీళ్లు కారడం నేను మూడు రోజులు చూశాను. వాచ్‌మన్ అన్నను తప్పు పట్టకండి, ఆయన ఆ టైంలో కార్లు కడుగుతూ ఉంటాడు. బన్నీ ఎలాగూ ట్యూషన్‌కు లేస్తాడు కదా, కిందికి దిగేటప్పుడు ఒకసారి తలెత్తి చూసి మోటారు ఆపమని చెబితే చాలు.

ఇక బాత్రూం నల్లా. నేనే బాగుచేద్దామనుకున్నా, మీ ఇంట్లో పానా దొరకలేదు. కారేది లోపలి వాషర్ అరిగిపోయి. రెండు కొత్తవి కొని షూ ర్యాక్ మీద డబ్బాలో పెట్టాను. నాన్నకు తీరిక లేకపోతే ఆదివారం పానా తెప్పించి నాకు వీడియో కాల్ చెయ్యండి, చెప్తా. విప్పే ముందు పైన వాల్వు కట్టెయ్యడం మాత్రం మరిచిపోవద్దు. లేకపోతే మీ అమ్మ ముందు నన్ను నిలబెడతారు.

మీ
తాత