కాల్పులు ఆగాయని చెప్పేదెవరు?

అమలాపురం గడియార స్తంభం దగ్గరో, రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గరో గాజా యుద్ధం మీద జర్నలిస్టులు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డాక అధికారికి ఇచ్చే వినతిపత్రంలో మామూలుగా రెండు డిమాండ్లుంటాయి. ఒకటి తక్షణ కాల్పుల విరమణ, రెండోది యుద్ధభూమిలో విలేకరులకు రక్షణ. గాజా ఎక్కడ, గోదావరి ఎక్కడ అని పక్కనుంచి ఎవరో ఒకరు అననే అంటారు. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీదా బాంబులేశాయి. ఇవాళ కోనసీమలో కువైట్‌లోనో మస్కట్‌లోనో మనిషి లేని వీధి అరుదు. కాబట్టి ఆ ప్రశ్న పక్కన పెట్టి, ఈ రెండు డిమాండ్లూ ఒకే కాగితం మీదికి ఎలా వచ్చాయో చూద్దాం.

కాల్పుల విరమణ అంటే శాంతి ఒప్పందం కాదు. యుద్ధం ఎలా చెయ్యాలో దేశాలు రాసుకున్న 1907 హేగ్ నిబంధనల్లో 36వది ఈ సంగతి మొహమాటం లేకుండా చెబుతుంది: గడువు రాసుకోకపోతే, ముందుగా అనుకున్నట్టు హెచ్చరించి ఏ పక్షమైనా ఎప్పుడైనా మళ్లీ యుద్ధం మొదలుపెట్టొచ్చు. కొరియాలో 1953 జులై 27న కుదిరిన విరామం ఇప్పటికీ విరామమే, శాంతి ఒప్పందం రాలేదు. గాజాలో 2023 నవంబరు 24న మొదలైన విరామం వారం రోజులకే ముగిసింది. 2025 జనవరి 19న మొదలైంది మార్చి 18న తెగిపోయింది.

తెగేది ఎక్కువగా వివరాల దగ్గరే. ఏ గంట నుంచి, ఏ గీత దాకా, ఆయుధాలు ఎక్కడ ఉండాలి, ఉల్లంఘన జరిగిందని తేల్చేదెవరు? 2025 మే 10న భారత్, పాకిస్తాన్ సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్లు మధ్యాహ్నం 3.35కు ఫోన్లో మాట్లాడుకుని, సాయంత్రం 5 నుంచి నేల, నింగి, నీరు మూడింటా కాల్పులు ఆపాలనుకున్నారు. గంట స్పష్టంగానే ఉంది. అయినా ఆ రాత్రే ఉల్లంఘనలు జరుగుతున్నాయంటూ మన విదేశాంగ కార్యదర్శి మళ్లీ మీడియా ముందుకు రావాల్సి వచ్చింది.

తెలుగువాళ్లకు ఈ మాట పాతదే. 2004లో రాష్ట్ర ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య కాల్పుల విరమణ నడిచింది. ఎస్.ఆర్. శంకరన్ వంటి పెద్దలు మధ్యవర్తులుగా అక్టోబరులో హైదరాబాదులో చర్చలూ జరిగాయి. ఆయుధాలతో ఊళ్లలో తిరగొచ్చా లేదా అన్న దగ్గర పీటముడి పడింది. తిరగకూడదని ప్రభుత్వం, ఆయుధం వదిలేది లేదని వాళ్లు. 2005 జనవరికల్లా అంతా చెల్లాచెదురైంది. ఎన్‌కౌంటర్ జరిగిందన్న ప్రతిసారీ రెండు కథలు వచ్చేవి. అడవిలోకి వెళ్లి చూసొచ్చే విలేకరి లేకపోతే ఏ కథ అచ్చయ్యేదో వేరే చెప్పక్కర్లేదు.

రెండు డిమాండ్లూ కలిసేది ఇక్కడే. కానీ విలేకరి గురించిన చట్టం మొదట్లో ఇంకెవరి కోసమో రాసింది. హేగ్ నిబంధనలూ, యుద్ధఖైదీల గురించిన 1949 మూడో జెనీవా ఒప్పందమూ సైన్యం వెంట దాని అనుమతితో వెళ్లే యుద్ధ విలేకరి గురించే మాట్లాడతాయి. పట్టుబడితే అతన్ని యుద్ధఖైదీగా చూడాలి. సొంతంగా తిరిగే విలేకరి ఊసు జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ 79వ అధికరణంతో గానీ రాలేదు: అతను పౌరుడు, పౌరుడికున్న రక్షణంతా అతనికీ ఉంటుంది, పౌర హోదాకు భంగం కలిగించే పని చెయ్యనంతవరకు. చేతిలోకి తుపాకీ తీసుకుని పోరులో దిగితే ఆ రక్షణ పోతుంది. దాని అనుబంధంలో గుర్తింపు కార్డు నమూనా కూడా ఉంది. మన సమాచార శాఖ అక్రెడిటేషన్ కార్డు బస్సు రాయితీకి పనికొస్తుంది గానీ దానికి సాటి కాదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. రెడ్‌క్రాస్ గుర్తుకు చట్టరక్షణ ఉంది. జాకెట్ మీద ‘ప్రెస్’ అన్న అక్షరాలకు అలాంటిదేమీ లేదు, అవి పౌరుణ్ణని చెప్పుకోవడానికే. జాకెట్‌కూ హద్దుంది. మెత్తటి పొరలు బాంబు ముక్కల్ని, పిస్తోలు తూటాల్ని ఆపుతాయి. రైఫిల్ తూటా ఆగాలంటే ముందొకటి, వెనకొకటి గట్టి పలకలు దూర్చాలి. అప్పుడు మొత్తం బరువు 10 కిలోలు దాటుతుంది, పరుగు మందగిస్తుంది. పలకల పక్కల, మెడ, తొడలు ఖాళీయే. మామూలు హెల్మెట్ రైఫిల్ తూటాను ఆపుతుందన్న భరోసా లేదు. 2022 మే 11న వెస్ట్ బ్యాంక్‌లోని జెనిన్‌లో అల్ జజీరా విలేకరి షిరీన్ అబూ అక్లే నీలం ప్రెస్ జాకెట్, హెల్మెట్ వేసుకునే ఉన్నారు. తూటా తలకు తగిలింది.

పేలుడు జరిగిన చోటికి వెంటనే పరిగెత్తొద్దని శిక్షణల్లో చెబుతారు, రెండో దెబ్బ పడొచ్చని. 2025 ఆగస్టు 25న ఖాన్ యూనిస్‌లోని నాసర్ ఆసుపత్రి దగ్గర అదే జరిగింది. మరణించినవారిలో అయిదుగురు విలేకరులు. జేబులో టూర్నికే, అంటే రక్తం ఆపడానికి బిగించే పట్టీ, తప్పనిసరి: చేతికో కాలికో రక్తం చిమ్ముతుంటే గాయానికి నాలుగు వేళ్ల పైన, కీలు మీద కాకుండా బిగించి, బిగించిన టైము రాయాలి. మధ్యలో వదులు చెయ్యకూడదు.

విదేశీ విలేకరుల్ని ఇజ్రాయెల్ గాజాలోకి స్వేచ్ఛగా అనుమతించలేదు. అందుకే అక్కడ చనిపోతున్నవాళ్లలో అత్యధికులు స్థానికులే. మన మండల కంట్రిబ్యూటర్ లాంటివాళ్లు: సొంత ఊరి వార్త, ఇల్లూ అక్కడే, నియామక పత్రం ఉంటే ఉంది లేకపోతే లేదు. 2024లో ప్రపంచవ్యాప్తంగా కనీసం 124 మంది జర్నలిస్టులు, మీడియా సిబ్బంది హతులయ్యారని కమిటీ టు ప్రొటెక్ట్ జర్నలిస్ట్స్ లెక్కగట్టింది. అందులో దాదాపు 70 శాతం ఇజ్రాయెల్ చేతిలోనేనంది.

వినతిపత్రం ఢిల్లీకి రాసేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది. 1977 ప్రోటోకాల్‌లో భారత్ చేరలేదు, కాబట్టి 79వ అధికరణం ఒక్కటే ఎత్తిచూపితే మేం అందులో లేమన్న జవాబు సులువుగా వస్తుంది. విలేకరుల రక్షణ మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి చేసిన 2006 నాటి 1738, 2015 నాటి 2222 తీర్మానాల నంబర్లు కూడా వెయ్యాలి. గాజాలో కాల్పుల విరమణ కోరే తీర్మానానికి సమితి సర్వసభ్య సభలో 2023 డిసెంబరు 12న మన దేశం అనుకూలంగా ఓటేసింది. అలాంటి తీర్మానమే 2025 జూన్ 12న వస్తే తటస్థంగా ఉండిపోయింది. ఎంపీని అడగాల్సింది ఆ రెండు తేదీల మధ్య ఏం మారిందని.