సిరోంచ గొడవంతా ఆ 100 మీటర్ల గీత దగ్గరే మొదలైంది

కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీకి రిపేరు చేసి మళ్లీ నీళ్లు నింపాలా, లేక పైన తుమ్మిడిహెట్టి దగ్గర కట్టాలనుకున్న పాత బ్యారేజీకే తిరిగి వెళ్లాలా అని హైదరాబాద్‌లో చర్చ వేడెక్కిన ప్రతిసారీ, ప్రాణహితకు ఇవతల మహారాష్ట్రలో ఉన్న సిరోంచ తాలూకాలో టెన్షన్ మొదలవుతుంది. ఇక్కడ చాలామంది ఇంట్లో, పొలంలో మాట్లాడేది తెలుగే. సాత్‌బారా, అంటే భూమి హక్కు కాగితం, మాత్రం మరాఠీలో ఉంటుంది, కలెక్టరేటు గడ్చిరోలిలో ఉంటుంది. కాళేశ్వరం మీద తెలుగులో ఇన్ని రాతలు వచ్చాయి, అందులో ఈ ఒడ్డు రైతు మాట ఎంత వెతికినా దొరకదు.

1975 ఒప్పందం, బచావత్ ట్రిబ్యునల్, ప్రాణహిత-చేవెళ్ల శంకుస్థాపన, ఇవన్నీ ఇప్పటికే ఎందరో రాశారు కాబట్టి వదిలేస్తున్నా. ఒక్క సంగతి చాలు. వార్ధా, వైన్‌గంగ కలిసే తుమ్మిడిహెట్టి దగ్గర 152 మీటర్ల మట్టంతో బ్యారేజీ కట్టాలన్నది మొదటి ఆలోచన, తమ భూములు మునుగుతాయని మహారాష్ట్ర దానికి ఒప్పుకోలేదు. తెలంగాణ ఏర్పడ్డాక డిజైన్ మార్చి, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిశాక ఇంకా కిందికి వెళ్తే తగిలే మేడిగడ్డకు జరిపారు.

నా దృష్టిలో అసలు మలుపు 2016 ఆగస్టు 23. ఆ రోజు ముంబయిలో అప్పటి రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు కేసీఆర్, ఫడ్నవీస్ సంతకాలు చేసుకున్నారు. మేడిగడ్డ పూర్తి నీటిమట్టం 100 మీటర్లు, తుమ్మిడిహెట్టిది 148 మీటర్లు అని తేలింది. ఏళ్ల పంచాయితీ తెగిందని రెండు రాజధానుల్లోనూ సంతోషించారు. కానీ ఆ బేరమంతా ఎన్ని మీటర్లు అన్నదాని మీదే నడిచింది. వరదొచ్చినప్పుడు నీళ్లు ఎంత దూరం ఎగదన్నుతాయి, గేట్లు ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు దించుతారు, ఆ సంగతి సిరోంచ రైతుకు ముందుగా ఎవరు చెప్తారు అన్నవి ఆ బేరంలో అసలు ముందుకు రానేలేదు. మ్యాపు మీద 100 మీటర్ల దగ్గర గీత గీస్తే లోపల పడ్డ భూమి ముంపు కింద లెక్క, బయట ఉన్నది భద్రం అనుకున్నారు. బ్యారేజీ నిండుగా, నిలకడగా ఉన్న రోజుకు ఆ లెక్క సరిపోతుందేమో గానీ ఆషాఢ శ్రావణాల్లో గోదావరి, ప్రాణహిత రెండూ ఒకేసారి పొంగితే ఆ గీతకు అర్థం ఉండదు.

2019 జూన్ 21న బ్యారేజీ ప్రారంభమైంది, ఫడ్నవీస్ కూడా వచ్చారు. 85 గేట్లు, 16 టీఎంసీలు, కొత్తగా 18 లక్షల ఎకరాలకు నీళ్లు అన్నారు. ఆ ఎకరాలన్నీ అవతలి ఒడ్డువే, ఇవతల బ్యారేజీ చివర ఆనుకుని ఉన్న పోచంపల్లికి గానీ, ఎగువన నది పక్కన ఉన్న ఆర్డా, ముగాపూర్‌లకు గానీ దాని కాలువ నీళ్లు రావు.

2022 జూలైలో మేడిగడ్డ దగ్గర 28 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. మేడిగడ్డ నీళ్లను ఎత్తిపోసే కన్నెపల్లి పంప్‌హౌస్ మునిగింది, టీవీలన్నీ మోటార్లనే చూపించాయి. ఇటువైపు వరి, పత్తి చేలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి, నీళ్లు తీశాక చూస్తే మళ్లలో ఇసుక మేట. మేట పడిన మడిని మళ్లీ సాగుకు తేవాలంటే ట్రాక్టర్లతో ఇసుక ఎత్తించాలి, ఆ ఖర్చు చిన్న రైతు వల్ల కాదు. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) వచ్చి పంచనామా రాస్తాడు, దానికి వచ్చేది పంట నష్టం, అంతేగానీ భూమి పోయిన లెక్క కాదు. గీత లోపలి భూములకే ధర, బయట మునిగినవాటికి ఏ పద్దూ లేదు. ఆ వరద తర్వాతే సిరోంచలో రైతులు దీక్షలకు కూర్చున్నారు, మునిగే భూమినంతా తీసుకుని ధర కట్టివ్వండి అని.

తెలంగాణ ఇంజనీర్ల వాదన కూడా ఉంది. 1986లో ఏ బ్యారేజీ లేనప్పుడే భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది, 2022లో 71 చిల్లర, కాబట్టి వరదను బ్యారేజీ మీదకు నెట్టొద్దంటారు. వరద పరిమాణం వరకు అది నిజమే. కానీ ఒడ్డు రైతులు చెప్పేది వేరు. అప్పటి వరద వచ్చిపోయేది, ఒండ్రు మిగిలేది, ఆ ఒండ్రులో యాసంగికి మిర్చి, మొక్కజొన్న వేసుకునేవాళ్లు. 2019 తర్వాత వాన వెనక్కి తగ్గగానే గేట్లు దించి నీళ్లు నిలబెట్టడంతో పల్లపు చేలు ఆరలేదు, గట్టు కోతకు గురవుతూనే ఉంది. 1986తో పోల్చినంత మాత్రాన దీనికి జవాబు రాదు.

2023 అక్టోబర్ 21న మేడిగడ్డ ఏడో బ్లాకులో పియర్లు, అంటే గేట్ల మధ్య స్తంభాలు, కుంగాయి, గేట్లెత్తి బ్యారేజీ ఖాళీ చేశారు. అప్పటి నుంచి డ్యామ్ సేఫ్టీ అథారిటీ నివేదికలు, జస్టిస్ ఘోష్ కమిషన్, ఎవరి తప్పు, ఎన్ని కోట్లు అన్న విచారణ నడిచింది. అది జరగాల్సిందే. కానీ మేడిగడ్డ వల్ల ఈ ఒడ్డున ఏం పోయిందన్నది ఆ చర్చలో ఎక్కడా పెద్దగా వినపడలేదు.

ఇప్పుడు తుమ్మిడిహెట్టి కోసం మహారాష్ట్రతో మళ్లీ మాట్లాడతామంటున్నారు, అక్కడ కూడా బేరం 148 దగ్గర ఆగుతుందా, పెరుగుతుందా అన్నదే. మేడిగడ్డ రిపేరయితే 100 మీటర్లు మళ్లీ నిలబడతాయి. ఏది జరిగినా ముందు 2022లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గుర్తులు పట్టుకుని ఊరూరా కొత్తగా సర్వే చేయాలి, మేట పడిన భూమిని కూడా ముంపు లెక్కలో రాయాలి, గేట్లు ఎత్తే దించే తేదీలు సిరోంచ తహసీలుకు ముందే తెలుగులో, మరాఠీలో అందాలి. ఇవి కొత్త ఒప్పందం కాగితం మీదకు ఎక్కకముందే జరగాలి, 2016లో సంతకాలయ్యాక అడిగినవాళ్లకు ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరగడమే మిగిలింది.