ఆ పటానికి ‘ఆశ’ అని పేరెందుకు?

1886లో లండన్‌లోని గ్రోవ్‌నర్ గ్యాలరీకి వెళ్లినవాళ్లకు ఒక వింత పటం ఎదురైంది. భూగోళం మీద ఒకామె ముడుచుకుని కూర్చుని ఉంది. కళ్లకు గంతలు. ఒడిలో లైర్ అనే ప్రాచీన గ్రీకు వాద్యం. దాని తీగలన్నీ తెగిపోయి ఒక్కటే మిగిలింది. మసక ఆకాశంలో కనబడీ కనబడని ఒకే ఒక నక్షత్రం. ఆ నక్షత్రాన్ని ఆమె చూడలేదు. పటం పేరేమో ‘హోప్’, అంటే ఆశ!

దీనికి నిరాశ అని పేరు పెట్టి ఉంటే సరిగ్గా ఉండేదని ఎవరికైనా మొదట తోస్తుందని ఇంగ్లిష్ రచయిత జి.కె. చెస్టర్టన్ తర్వాతి కాలంలో రాశాడు. నాకూ అలాగే తోచింది.

యూరప్ చిత్రకళలో ఆశను బొమ్మ కట్టే పద్ధతి ఒకటి అప్పటికే స్థిరపడి ఉంది. స్త్రీమూర్తి, ఆమె పక్కన ఓడ లంగరు. ఆశ ఆత్మకు లంగరు వంటిదన్న బైబిల్ మాట దానికి ఆధారం. చిత్రకారుడు జార్జ్ ఫ్రెడరిక్ వాట్స్ ఆ లంగరును తీసేశాడు. పట్టుకోవడానికి ఆమెకు ఒక్క తీగ మాత్రం వదిలాడు.

తీగల సంగతి ఆయనకు కొత్త కాదు. తండ్రి పియానోలు తయారుచేసే పనివాడు. కొడుకు 1817 ఫిబ్రవరి 23న, సంగీతకారుడు హాండెల్ పుట్టినరోజునే పుట్టాడని ఆయన పేరే పెట్టాడు. పెద్దయ్యాక వాట్స్ తాను వస్తువులను కాదు, భావాలను చిత్రిస్తానని చెప్పుకున్నాడు. అలా చెప్పుకున్నవాళ్ల బొమ్మలు చాలావరకు పాఠాల్లా తయారవుతాయి. వాట్స్ గీసిన వాటిలోనూ అలాంటివి లేకపోలేదు. ఈ పటం అలా కాకపోవడానికి కారణం ఇంట్లో ఉందనుకుంటాను. 1885లో ఆయన పెంపుడు కూతురు బ్లాంచ్‌కు పుట్టిన పసిపాప చనిపోయింది. ఈ పటం ఆ దుఃఖం వెనుకనే వచ్చింది.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. ఒంటి తీగ అనగానే మనకు ఏకతార గుర్తొస్తుంది. బైరాగి చేతిలో ఆ ఒక్క తీగ లోటు కాదు, తత్వం పాడుకోవడానికి అంతకంటే అక్కర్లేదు. వాట్స్ బొమ్మలోది ‘ఒక్క తీగ’ కాదు, ‘మిగిలిన తీగ’. తెగినవి గుర్తుంటేనే దాని విలువ తెలుస్తుంది. పైగా మన ‘ఆశ’లో అత్యాశ, పేరాశ కూడా కలగలిసి ఉంటాయి. ఈమె ముఖంలో వాటి జాడ లేదు.

వాట్స్ దీన్నే మళ్లీ గీసి దేశానికి కానుకగా ఇచ్చాడు. ఆ ప్రతి ఇప్పుడు బ్రిటన్‌లోని టేట్ కళా సంస్థ సేకరణలో ఉంది. ఫొటోగ్రాఫర్ ఫ్రెడరిక్ హోలియర్ ఈ పటానికి తీసిన ఛాయాచిత్రాల ప్రతులు ఇంటింటి గోడలకూ ఎక్కాయి. బారొనెట్ అనే వంశపారంపర్య బిరుదును రెండుసార్లు కాదన్న ఈ మనిషి 1904లో చనిపోయాక, కొత్త తరం చిత్రకారులు ఆయనను పాతకాలపు నీతిబోధకుడని పక్కన పెట్టారు.

పటం మాత్రం చర్చి వేదికల మీద బతికింది. మార్టిన్ లూథర్ కింగ్ చెదిరిన కలల గురించి మాట్లాడుతూ దీన్ని ప్రస్తావించాడు. షికాగో పాస్టర్ జెరిమియా రైట్ దీని మీద ఒక ప్రసంగమే చేశాడు. దాన్ని విన్న యువకుల్లో బరాక్ ఒబామా ఒకడు. ఆశించడానికీ తెగువ కావాలన్న ఆ ప్రసంగంలోని మాట 2004లో డెమొక్రాటిక్ పార్టీ మహాసభలో ఒబామా నోట వినిపించి, ఆ తర్వాత ఎన్నికల నినాదాల దాకా వెళ్లింది.

నినాదాల్లో ఆశ ఎప్పుడూ తలెత్తుకునే ఉంటుంది. పటంలో ఆమె మెడ వాలిపోయి ఉంది. చెవిని వాద్యానికి ఆనించి, తను మీటిన ఆ సన్నని ధ్వని తనకైనా వినబడుతోందో లేదోనని చూస్తోంది.