ఆరు నెలలకే చిరిగే సస్పెన్షన్ బుష్‌లు: అపోహలు - వాస్తవాలు

"కొత్త బుష్‌లు వేసి ఆర్నెల్లు కాలేదు, స్పీడ్ బ్రేకర్ దిగితే మళ్లీ టక్ టక్. డూప్లికేట్ అంటగట్టారు." పాత ఆల్టోనో శాంత్రోనో ఇంటి దగ్గరే బాగుచేసుకునేవాళ్ల నోట మాటిమాటికీ వినే మాట ఇది. బుష్ అంటే చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ ఆర్మ్ బాడీకి బిగుసుకునే చోట ఉండే రబ్బరు ముక్క, దాని మధ్యలో స్లీవ్ అనే లోహపు గొట్టం, చుట్టూ లోహపు రింగు ఉంటాయి. సికింద్రాబాద్ రాణిగంజ్ విడిభాగాల బజారు సరుకంతా ఒరిజినలేనని ఎవరూ అనరు. కానీ అలా పోయిన బుష్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. రబ్బరు అరిగి ఉండదు. లోపలి స్లీవ్ పక్కన నెలవంక ఆకారంలో చీలి ఉంటుంది. అది చాలాసార్లు బిగింపు తప్పు.

అపోహ: బండి జాకీ మీద ఉండగానే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు బాడీకి కలిపే చేయి) బోల్టులు ఫుల్ టైట్ చేసేయొచ్చు.

వాస్తవం: అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. ఈ బుష్‌లో రబ్బరు లోపలి స్లీవ్‌కీ బయటి రింగుకీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి స్లీవ్ బ్రాకెట్‌లో కదలకుండా పట్టేస్తుంది. ఆపైన ఆర్మ్ ఎంత ఊగినా జారేదేమీ లేదు, రబ్బరు మెలిపడాల్సిందే. చక్రం వేలాడుతూ ఆర్మ్ కిందికి వాలినప్పుడు బిగిస్తే, బండి నేల మీద ఊరికే నిలబడి ఉన్నా రబ్బరు తడిగుడ్డ పిండినట్టు మెలిపడే ఉంటుంది. ఆ పైన మన గుంతలు. చిరగక ఏం చేస్తుంది?

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. బండి లేపకముందే, చదునైన నేల మీద, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఆర్మ్ ఎక్కించాక బోల్టులు లూజుగానే ఉంచండి. బండి స్టాండు మీద ఉండగా, బాల్ జాయింట్ (ఆర్మ్‌కు చక్రం వైపు చివర ఉండే కీలు) వైపు ఆర్మ్ కింద చెక్కముక్క పెట్టి రెండో జాకీతో మెల్లగా లేపండి. హబ్ (చక్రం బిగించే భాగం) మధ్య నుంచి ఫెండర్ దాకా ఇందాకటి కొలత రాగానే మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, బిగించండి. స్టాండు మీంచి బండి లేస్తోందేమో చూస్తూ ఉండాలి. రెండు పక్కల సస్పెన్షన్‌నూ కలిపే స్టెబిలైజర్ బారుకు తగిలించే లింక్ ఉన్న బండైతే దాన్ని చివర్లో కలపండి, లేకపోతే ఒక పక్కే లేపేటప్పుడు ఆ బారు అడ్డం తిరుగుతుంది. స్లీవ్ స్వేచ్ఛగా తిరిగే పాలీయురేథేన్ బుష్‌లకు ఈ బాధ లేదు. వాటికి తయారీదారు చెప్పిన గ్రీజు కావాలి, క్యాబిన్‌లో అదురు కాస్త పెరుగుతుంది.

అపోహ: సుత్తితో కొట్టి ఎక్కించినా ఒకటే.

వాస్తవం: కాదు. బయటి రింగు అంచుకు సరిపోయే సాకెట్ పెట్టి బెంచ్ వైస్‌లో నొక్కాలి. మధ్య స్లీవ్ మీద ఒత్తిడి పడితే రబ్బరు అక్కడే ఊడుతుంది. పాత రింగు రాకపోతే హాక్సా బ్లేడుతో ఒక గాటు పెట్టండి, ఆర్మ్‌కు తగలనివ్వకండి. రబ్బరులో ఖాళీలున్న బుష్ అయితే అవి ఎటు తిరిగి ఉన్నాయో ముందే ఆర్మ్ మీద గుర్తు పెట్టుకోండి. బెంచ్ వైస్ లేకపోతే ఆర్మ్ ఒక్కటీ వర్క్‌షాపుకు పట్టుకెళ్లి నొక్కించుకోండి, మిగతా పని ఇంట్లోనే.

అపోహ: ఆయిల్ పోస్తే చప్పుడు పోతుంది.

వాస్తవం: నాలుగు రోజులు పోతుంది. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఎక్కించేటప్పుడు జారడానికి సబ్బునీళ్లు చాలు.

అపోహ: టక్‌మంటే షాకప్‌లే పోయినట్టు.

వాస్తవం: ముందు ఆర్మ్‌కూ బ్రాకెట్‌కూ మధ్య రాడ్డు పెట్టి ఎత్తి చూడండి. స్లీవ్ పక్కకు జరిగితే బుష్ సంగతి తేలిపోయింది. షాకప్ ఒంటి మీద ఆయిల్ కారిందా అన్నది వేరే పరీక్ష.

బుష్ పగిలితే చక్రం ఊడిపోతుందని ఎవరో భయపెడితే నిద్ర పాడుచేసుకోకండి. పైపైన సన్న పగుళ్లు వయసుతో వచ్చేవే. లోతుగా చీలితే బ్రేక్ వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది, టైరు ఒకవైపు తినేస్తుంది, కాబట్టి త్వరగా మార్చండి. భయపడాల్సింది బాల్ జాయింట్ ఆడుతుంటే. అది ఊడితే చక్రం నిజంగానే పక్కకు పడిపోతుంది, ఆ బండి తీయొద్దు. ఆర్మ్ ఎలాగూ చేతిలో ఉంటుంది కనుక దాన్నీ అప్పుడే కదిపి చూసి, పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి.