జాబ్ డిస్క్రిప్షన్: మా పాలమూరు, నల్లగొండ వైపు నడిచే అపోహలు - వాస్తవాలు

జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లోని మందుల ఫ్యాక్టరీల నుంచి మిర్యాలగూడ రైస్ మిల్లుల దాకా, పనికి తగ్గ మనుషులను వెతికిపెట్టడం నా వృత్తి. కొలువులో చేరిన నెలలోపే మానేసిన వాళ్లను ఎందుకు మానేశారని అడిగితే, పని కష్టమని చెప్పేవాళ్లు తక్కువ. 'ఇది ముందే చెప్పలేదు' అనే మాటే ఎక్కువగా వింటాను. ముందే చెప్పాల్సింది జాబ్ డిస్క్రిప్షన్‌లో, అంటే ఆ కొలువులో పని ఏమిటో రాసిచ్చే కాగితంలో.

అపోహ: చదువు, అనుభవం రాస్తే జాబ్ డిస్క్రిప్షన్ అయిపోయినట్టే.

వాస్తవం: అవి మనిషి గురించిన వివరాలు. పని గురించి ఇంకా ఒక్క ముక్క కూడా రాయలేదు. 'ప్రొడక్షన్ ఆపరేటర్, ఐటీఐ, 2 ఏళ్ల అనుభవం' అని ఒక కంపెనీ కోసం నేనే రాశాను. ఏ ట్రేడో, అంటే ఐటీఐలో ఏ పని నేర్చుకుని ఉండాలో రాయలేదు. వాళ్లకు కావాల్సింది ఏఓసీపీ, అంటే కెమికల్ ప్లాంట్ నడపడం నేర్పే ట్రేడ్. వచ్చిన వాళ్లలో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లే ఎక్కువ. వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చి మధ్యాహ్నానికే తిరిగి వెళ్లారు. వాళ్ల ఆ రోజు కూలి పోయింది. ఆ తప్పు నాదే.

అప్పటి నుంచి మేనేజర్‌ను ముందు ఒకటే అడుగుతున్నాను: 'ఈ మనిషి షిఫ్ట్‌లోకి వచ్చిన దగ్గర నుంచి దిగేదాకా ఏం చేస్తాడు?' రియాక్టర్‌లో (రసాయనాలు కలిపే పెద్ద పాత్రలో) ముడి సరుకు వేయడం, ఉష్ణోగ్రత చూసి బ్యాచ్ రికార్డులో రాయడం, షిఫ్ట్ మారేటప్పుడు తర్వాతి వాళ్లకు అప్పజెప్పడం. ఇలా నాలుగైదు వాక్యాలు వస్తే ఏ చదువు కావాలో దానంతట అదే తేలుతుంది.

ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఇది మరీ ముఖ్యం. అక్కడ బాయిలర్ ఉంటుంది. 'బాయిలర్ ఆపరేటర్, పదో తరగతి, 5 ఏళ్ల అనుభవం' అంటే సరిపోదు. బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఉండాలి. అది ఫస్ట్ క్లాసా, సెకండ్ క్లాసా అన్నది బాయిలర్ సైజును బట్టి ఉంటుంది, కాబట్టి అదీ రాయాలి. ఎంత అనుభవం ఉన్నా సర్టిఫికెట్ లేని మనిషికి బాయిలర్ అప్పజెప్పడం ప్రమాదం.

అపోహ: జీతం రాయొద్దు, వచ్చాక మాట్లాడుకుందాం.

వాస్తవం: రాయండి. చేతికి ఎంత వస్తుందో కూడా రాయండి. బేసిక్, డీఏ కలిపి 15,000 అనుకుందాం. పీఎఫ్ (రిటైర్మెంట్ కోసం దాచే సొమ్ము) 12 శాతం, అంటే 1,800 పోతుంది. ఈఎస్ఐ (వైద్య బీమా) 0.75 శాతం, అంటే 113. చేతికి వచ్చేది 13,087. సీటీసీయే, అంటే ఒక మనిషి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చే 15,000 అయితే ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే కంపెనీ కట్టే వాటా కూడా అందులోనే ఉంటుంది. ఊరు వదిలి జడ్చర్లలో రూం తీసుకుని ఉండే పిల్లలకు ఈ రెండు వేల తేడా నెల సరుకులతో సమానం. మొదటి జీతం రోజున ఈ కటింగ్ చూసి మోసపోయామనుకుంటారు, నిజానికి అందులో పీఎఫ్ వాళ్ల సొమ్మే. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే ఆ బాధ ఉండదు.

అపోహ: నైట్ షిఫ్ట్ అని రాస్తే ఎవరూ రారు.

వాస్తవం: తక్కువ మంది వస్తారు, కానీ వచ్చిన వాళ్లు ఉంటారు. 'సార్, ఫోన్లో డే డ్యూటీ అనే చెప్పిండ్రు' అని ఒక అమ్మాయి ఏడ్చుకుంటూ ఇంటికి పోవడం నేను చూశాను. షిఫ్ట్‌తో పాటు కంపెనీ బస్సు ఏ ఊరి దాకా వస్తుందో కూడా రాయండి.

అపోహ: 'మగవాళ్లు మాత్రమే' అని రాయడం మామూలే.

వాస్తవం: నియామకంలో ఆడ, మగ తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. 2019 వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. చట్టమే ఆడవాళ్లను వద్దన్న కొన్ని పనులకే మినహాయింపు. 25 కిలోల బస్తా ఎత్తాలంటే ఆ సంగతే రాయండి. ఎత్తగలరో లేదో వాళ్లు తేల్చుకుంటారు.

అపోహ: రాసినవన్నీ ఉంటేనే అప్లై చేయాలి.

వాస్తవం: సర్టిఫికెట్, ట్రేడ్ లాంటివి తప్పనిసరి. 'ఉంటే మంచిది' అన్నవి లేకపోయినా అప్లై చేయండి. ఏది తప్పనిసరో తెలియకపోతే ఫోన్ చేసి అడగండి. అదే ఫోన్‌లో ఏ షిఫ్ట్, చేతికి ఎంత, బస్సు ఎక్కడి దాకా అని కూడా అడిగి, జవాబులు వాట్సాప్‌లో రాసి పంపమనండి.