అమ్మబోయే ఇంటికి ముస్తాబు ఎందుకని అడిగారుగా

చిరంజీవులకు,

మీ తాతయ్య ఆశీస్సులు. మొన్న సెలవుల్లో వచ్చినప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు నేను సరిగా జవాబు చెప్పలేదు. "అమ్మేసే ఇంటికి ఇంత ముస్తాబు ఎందుకు తాతయ్యా? లేనిది ఉన్నట్టు చూపిస్తే మోసం కాదా?" అన్నారు. ఆ రోజు నేనే ఆ పనికి వచ్చిన అమ్మాయి మీద గుర్రుగా ఉన్నాను. నా వాలుకుర్చీని ఇద్దరు మనుషులతో మోయించుకుపోయిన మనిషి గురించి మంచిమాట నా నోటి నుంచి ఎలా వస్తుంది? ఇప్పుడు ఇల్లు అమ్ముడైంది, కుర్చీ నా దగ్గరకు తిరిగొచ్చింది, కోపమూ చల్లారింది. తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఇల్లు అమ్మకానికి పెట్టిన మొదటి మూడు నెలలు నేనే దగ్గరుండి చూపించాను. వచ్చినవాళ్లకు ప్రతి గది చరిత్రా చెప్పాను. ఈ గోడ ఎప్పుడు కట్టించాం, ఆ కిటికీ ఎందుకు మార్పించాం, మీ అమ్మ ఏ మూల కూర్చుని చదువుకునేది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. వాళ్లు మర్యాదగా విన్నారు. గోడ మీది పెళ్లి ఫొటో చూసి "ఇది మీరేనా?" అని అడిగారు. నవ్వారు, వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. ఆ మూడు నెలల్లో చాలామంది మా కుటుంబాన్ని చూసి వెళ్లారు. ఇల్లు చూసినవాళ్లు ఎవరూ లేరు. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ధర ఎక్కువైందేమోనని తగ్గించబోయాను కూడా. మీ అమ్మమ్మ ఆపింది కాబట్టి సరిపోయింది.

అప్పుడు మా ఏజెంటు ఈ అమ్మాయిని పంపాడు. ఇల్లు అమ్మకానికి పెట్టేముందు కొనేవాళ్ల కంటికి తగ్గట్టు సర్దిపెట్టడం ఆమె వృత్తి. దీన్ని హోమ్ స్టేజింగ్ అంటారు. పేరులోని స్టేజి మీకు తెలిసిన స్టేజే, అంటే నాటకాల రంగస్థలం. అమెరికాలో సియాటిల్ ప్రాంతంలో ఇళ్లు అమ్మించే బార్బ్ శ్వార్జ్ అనే ఆమె 1972లో దీన్ని మొదలుపెట్టిందనీ, ఆ పేరు పెట్టింది కూడా ఆమేననీ చెబుతారు. "మీ ఇల్లు గందరగోళంగా ఉంది" అని ఇంటివాళ్ల ముఖం మీదే అంటే ఎవరూ ఊరుకోరు. "రంగస్థలం సిద్ధం చేద్దాం" అంటే నొచ్చుకునేవాళ్లు ఉండరు. మాట నేర్పు అంటే అది.

వచ్చిన అమ్మాయి నేరుగా లోపలికి రాలేదు. వీధిలో నిలబడి చాలాసేపు ఇంటిని చూసింది. గేటు తీసింది, మూసింది, మళ్లీ తీసింది. అది కిర్రుమంటుందని ఆ పూట నాకు మొదటిసారి తెలిసింది. ఎన్నో ఏళ్లుగా అలాగే కిర్రుమంటోందట, మీ అమ్మమ్మ చెప్పింది. తర్వాత గుమ్మం లోపల అడుగు పెట్టి, కళ్లు మూసుకుని గాలి పీల్చింది. "ఏదైనా వాసన వస్తోందా?" అన్నాను కాస్త కటువుగానే. "తడి గుడ్డల వాసనండీ. పాత పుస్తకాల వాసన కూడా" అంది. నాకేమీ రాలేదు. ఎలా వస్తుంది? ముక్కు స్వభావమే అంత. ఒక వాసనలో కొద్ది నిమిషాలు ఉంటే అది మనకు తెలియడం మానేస్తుంది. ఎవరి ఇంటి వాసన వాళ్లకు తెలియదు, గుమ్మంలో అడుగుపెట్టిన కొత్త మనిషికి మాత్రం ముందు తగిలేది అదే. పైగా దాన్ని అత్తరు చల్లి కప్పకూడదట. ఘాటైన సువాసన వస్తే, దీని వెనక ఏం దాస్తున్నారోనని వచ్చినవాళ్లకు అనుమానం వస్తుంది. కిటికీలు తెరవాలి, పరదాలు ఉతకాలి, తడి ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి.

ఇలాంటి మనిషికి డబ్బిచ్చి ఎందుకు పిలవాలి, మనమే సర్దుకోలేమా అని నేనూ అన్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు, చిక్కంతా అక్కడే. దీన్ని పరీక్ష పెట్టి తేల్చినవాళ్లున్నారు. డానియల్ కానమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి ఇది. విద్యార్థుల్లో సగం మందికి కాఫీ కప్పులు ఇచ్చి, వాటిని ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు అందని మిగతా సగాన్ని ఎంతకు కొంటారని అడిగారు. కొనేవాళ్లు పలికిన ధరకు అమ్మేవాళ్లు రెట్టింపు, అంతకన్నా ఎక్కువే అడిగారు. కప్పు చేతికొచ్చి ఎంతోసేపు కూడా కాలేదు! కాసేపటి కప్పు మీదే అంత మమకారం ఉంటే, పిల్లలు నడక నేర్చుకున్న ఇంటి మీద ఎంత ఉంటుందో మీరే లెక్క వేసుకోండి. ఆ మమకారం కళ్లకు గంతలు కడుతుంది. ఆ అమ్మాయికి మా ఇంటి మీద మమకారం లేదు. మేం డబ్బిచ్చింది దానికే. దిండ్లు ఎవరైనా సర్దుతారు.

ఇక నా కుర్చీ సంగతి. అది హాల్లో కిటికీ పక్కన ఉండేదని మీకు తెలుసు. దాని వెనక పుస్తకాల బీరువా, పక్కన చిన్న బల్ల, బల్ల మీద రేడియో. నాకు అది రాజ్యం. ఆ అమ్మాయి గుమ్మంలో నన్ను నిలబెట్టి, "ఇక్కడి నుంచి మీకు ముందు ఏం కనిపిస్తోంది?" అని అడిగింది. చూశాను. కుర్చీ వీపు కనిపించింది. దాని వెనక బీరువా పక్క చెక్క. కిటికీలో సగం మాత్రమే కనిపించింది, ఆ సగం లోంచి వచ్చే వెలుగు కుర్చీ మీదే పడి ఆగిపోతోంది. కుర్చీ తీయించి, బీరువాను ఎదురు గోడకు జరిపించి, కిటికీ అద్దాలు లోపలా బయటా తుడిపించింది. అంతే. మధ్యాహ్నం ఎండ నేల మీద సాగి అవతలి గోడను తాకింది. మన హాలు అంత పొడవుందని ఆ ఇంట్లో అన్నేళ్లు కాపురమున్న నాకు తెలియదు పిల్లలూ. వెలుగు ఎప్పుడూ అక్కడే ఉంది. దానికి అడ్డంగా నేను కూర్చున్నాను.

మేడ మీది గదికి కూడా ఇలాంటి వైద్యమే జరిగింది. విరిగిన సూట్‌కేసులు, పాత ఫ్యాను, ఎవరూ తొక్కని వ్యాయామం సైకిలు పడి ఉన్న ఆ గదిని చూసినవాళ్లు "సామాన్ల గదా?" అని తలుపు వేసేసేవారు. ఆమె అన్నీ బయట పెట్టించింది. గది ఖాళీ చేస్తే చాలుకదా అన్నాను. ఖాళీ గది పెద్దదిగా కనిపిస్తుందనుకుంటాం. చాలాసార్లు జరిగేది తలకిందులు. కొలవడానికి ఏ వస్తువూ లేకపోతే కంటికి పొడవూ వెడల్పూ అందవు, ఇక్కడ మంచం పడుతుందా పట్టదా అన్న సందేహం మొదలవుతుంది. పైగా చూడటానికి వేరే ఏమీ లేక గోడ మీది ప్రతి గీతా కనిపిస్తుంది. అందుకని ఒక చదువుకునే బల్ల, ఒక కుర్చీ, ఒక దీపం పెట్టించింది. గదికి ఒక పని అప్పగించింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు "ఇక్కడ కూర్చుని పని చేసుకోవచ్చు" అనుకుంటూ కిందికి దిగారు.

దీపాల గురించి చిన్నమాట, మీకు ఎక్కడైనా పనికొస్తుంది. బల్బు పెట్టె మీద కెల్విన్ అని ఒక సంఖ్య ఉంటుంది. 2700, 3000 అని ఉంటే వెలుగు పసుపు ఛాయలో వెచ్చగా ఉంటుంది. 6500 ఉంటే నీలం కలిసిన తెలుపు. మా హాల్లో మూడు బల్బులు మూడు రకాలు. కంటికి పెద్దగా తెలియకపోయినా ఫొటోలో ఒక గోడ పచ్చగా, ఒకటి నీలంగా వచ్చి, గది జబ్బు చేసినట్టు కనిపించింది. ఇప్పుడు ఇల్లు కొనేవాళ్లు ముందు చూసేది ఫోనులో ఫొటోలే. అక్కడ నచ్చకపోతే గేటు దాకా రారు. కాబట్టి ఆమె సర్దిందంతా సగం మనుషుల కోసం, సగం కెమెరా కోసం.

ఫొటోలంటే గుర్తొచ్చింది. గోడల మీది కుటుంబం ఫొటోలన్నీ దింపించినప్పుడు మీ అమ్మమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. వచ్చినవాళ్లు తమను ఆ ఇంట్లో ఊహించుకోవాలంటే మనం కాస్త పక్కకు జరగాలని ఆ అమ్మాయి నచ్చజెప్పింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఊరూపేరూ తెలియనివాళ్లు ఇల్లంతా తిరుగుతారు కాబట్టి నగలు, మందులు, బ్యాంకు కాగితాలు ముందే తీసి దాచుకోవాలట. నాకు తట్టనే లేదు.

కష్టమనిపించింది ఒక్కచోటే. వంటింటి గుమ్మానికి మీ అమ్మ, మీ మామయ్య ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు ఉండేవి కదా. పక్కన తేదీలు, మామయ్య తన గీత పక్కన రాసుకున్న "నేనే పొడుగు" అన్న అబద్ధం కూడా. గుమ్మానికి రంగు వేయాల్సిందేనంది. నేను కుదరదన్నాను. ఆ అమ్మాయి ఆ గీతల ముందు కాసేపు నిలబడింది. తర్వాత వడ్రంగిని పిలిపించి, గీతలున్న పట్టీ చెక్కను మేకులు ఊడదీసి పగలకుండా తీయించి, గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. దాని చోట కొత్త పట్టీ వేయించి రంగు వేయించింది. ఆమె మీద నా కోపం సగం తగ్గింది అప్పుడే.

ఇప్పుడు మీ మోసం ప్రశ్న. వెనక గదిలో గోడ అడుగున చెమ్మ మరక ఉండేది. "ఆ పెద్ద బీరువా దీనికి అడ్డం పెడితే సరిపోతుందిగా" అని సలహా ఇచ్చింది ఎవరనుకున్నారు? నేనే. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "అలా చేస్తే నేను వెళ్లిపోతానండీ" అంది, మెత్తగానే. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూపించి గొట్టం బాగుచేయించాం, గోడ ఆరాక రంగు వేయించాం, బాగుచేసిన బిల్లు ఇంటి కాగితాల్లో పెట్టాం. కిటికీకి అడ్డంగా ఉన్న కుర్చీ తీస్తే ఉన్న వెలుగు కనిపిస్తుంది. చెమ్మకు అడ్డంగా బీరువా పెడితే ఉన్న తడి కనిపించదు. ఒకటి చూపించడం, ఒకటి దాచడం. రెండూ సామాను జరపడమే కాబట్టి బయటికి ఒకేలా ఉంటాయి, మీరు మోసమనుకోవడానికి కారణం అదే అయ్యుండాలి. కంప్యూటర్లో ఖాళీ గది ఫొటోలోకి సోఫాలు, దీపాలు చేర్చే పద్ధతి ఒకటి వచ్చింది. ఖర్చు తక్కువ. అది బొమ్మ అని ఫొటో కిందే రాస్తే నాకు అభ్యంతరం లేదు. పగుళ్లు చెరిపేసి, కిటికీలో లేని చెట్టు నాటితే మాత్రం అది నా బీరువా సలహా లాంటిదే.

లాభమెంత అంటారా? అమెరికాలో ఇళ్ల ఏజెంట్ల జాతీయ సంఘం 2023లో ఒక నివేదిక వెలువరించింది. అందులో కొనేవాళ్ల తరఫు ఏజెంట్లలో 81 శాతం మంది, ఇలా సర్దిన ఇంటిని తమదిగా ఊహించుకోవడం కొనేవాళ్లకు తేలికవుతుందన్నారు. ధర దగ్గరికొచ్చేసరికి గొంతులు తగ్గాయి. 1 నుంచి 5 శాతం ఎక్కువ పలికిందని అన్నవాళ్లు ఐదుగురిలో ఒకరే. అడిగింది ఏజెంట్లను, కొన్నవాళ్లను కాదు. ఇల్లు శ్రద్ధగా సర్దే యజమాని పైకప్పు కూడా శ్రద్ధగానే చూసుకుని ఉంటాడు, మరి ధర దేనికి వచ్చినట్టు? అందుకే నేను శాతాలను పట్టుకుని ఊగను. మా అనుభవంలో కలిసొచ్చింది కాలం, పైగా ధర తగ్గించకుండా నిలబడగలిగాం. చాలాకాలం అమ్ముడుపోని ఇంటిని చూస్తే ఏదో లోపముందనుకుంటారు, బేరం అక్కడే మొదలవుతుంది.

అందరికీ ఇది అవసరమని కూడా అనను. కొనేవాడు ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటాడని తెలిస్తే పరదాలు ఎవరి కోసం? డబ్బు తక్కువుంటే ఒక పూట పిలిచి సలహా తీసుకుని, సొంత సామానుతోనే సర్దుకోవచ్చు. మేం చాలావరకు చేసింది అదే. పూర్తిగా ఖాళీ ఇంటికి సామాను అద్దెకు తెస్తే ఇల్లు అమ్ముడయ్యేదాకా నెలనెలా అద్దె నడుస్తూనే ఉంటుంది, అది ముందే లెక్క చూసుకోవాలి. అన్ని గదులూ చేయించలేకపోతే హాలు, పెద్ద పడకగది, వంటిల్లు, ఈ వరసలో చూసుకుంటే చాలు. ఆ నివేదికలో ఏజెంట్లు చెప్పిన వరసా ఇదే.

ఇల్లు కొన్నవాళ్లకు మీ వయసు అమ్మాయి ఒకతె ఉంది. చూడటానికి వచ్చినప్పుడు పెద్దవాళ్లు కొళాయిలు తిప్పి చూస్తుంటే, ఆ పిల్ల నేరుగా వెళ్లి హాల్లో ఎండ పడుతున్న చోట నేల మీద చతికిలబడి బొమ్మలు గీసుకుంది. లేవమంటే లేవలేదు. వాళ్ల నాన్న నన్ను ధర అడిగింది ఆ తర్వాతే.

పట్టీ చెక్క ఇప్పుడు కొత్త ఇంట్లో నా గది తలుపు వెనక నిలబెట్టాను. కింది కొస కాస్త చీలింది, జిగురు పెట్టి అతికించాను. ఈసారి వచ్చినప్పుడు చెప్పులు విప్పి, మడమలు ఎత్తకుండా నిలబడాలి. చిన్నది వాళ్ల అమ్మ గీత దాటిందని నా అనుమానం.

మీ
తాతయ్య