విశేషం ఏమైనా ఉందా?

నెల్లూరు జిల్లాలో మా కావలి పక్క పల్లెల్లో పెళ్లయిన మూడో నెలకే ఆ పిల్లను అందరూ అడిగేది ఒకటే, "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా?" అని. ఆ పిల్లకు పదిహేడేళ్లే అయినా సరే అడుగుతారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో అని తేలింది. దేశం మొత్తమ్మీద అది 6.8 శాతమే. అంతకుముందు సర్వేలో మన అంకె 11.8, అంటే తగ్గకపోగా పెరిగింది. వింతేమిటంటే అదే సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు 1.7 మందే. ఇంత తక్కువ మందిని కనేవాళ్లం ఇంత తొందరగా ఎందుకు కంటున్నట్టు?

బాల్య వివాహం మనకు పాత జబ్బే. నెల్లూరులో 1923లో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టిన పొణకా కనకమ్మ గారికి కూడా చిన్నతనంలోనే పెళ్లయింది, ఆవిడ చదువంతా ఇంట్లో సొంతంగా నేర్చుకున్నదే. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి పెళ్లికి ఆడపిల్లకు 14 ఏళ్లు నిండాలంటే, ఆ తేదీ రాకముందే ముహూర్తాలు పెట్టేసుకున్నారు. ఆ తర్వాత కూడా గోదావరి వైపు వాళ్లు ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉన్న యానాం వెళ్లి మరీ తాళి కట్టించారు (చట్టానికి దారి వెతకడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు లెండి). 1949లో ఆ వయసు 15 అయింది, 1978లో 18. కాగితం మీద బాగానే పెరిగింది.

1992లో కలిగిరి దగ్గర దూబగుంటలో రాత్రిబడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లే సారా దుకాణం మూయించారు, వాళ్లలో ముందున్న రోశమ్మ పేరు అప్పుడు రాష్ట్రమంతా తెలిసింది. పొదుపు సంఘాలు కూడా ఆ ఊపులోనే మన జిల్లాలో బలపడ్డాయి. కానీ అదే సంఘంలో అప్పు తీసి పదో తరగతి పిల్లకు పెళ్లి చేసిన తల్లులు కూడా నాకు తెలుసు. వాళ్లను తిట్టబుద్ధి కాదు. ఉదయగిరి, కనిగిరి మెట్టల్లో వానల్లేక మొగుడూ పెళ్లాం హైదరాబాదుకో బెంగళూరుకో పనికి పోతే పెద్దమనిషైన పిల్లను ముసలమ్మ దగ్గర వదిలి వెళ్లాలి, ఏదైనా జరిగితే ఎవరు చూస్తారన్న టెన్షన్‌కి మేనమామ ఉంటే సరే, లేకపోతే ఎవరో ఒకరికిచ్చి పెళ్లి చేసేస్తారు.

నాకు తెలిసి అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మన దేశంలో కుటుంబ నియంత్రణ 1952లోనే మొదలైంది గానీ మన దగ్గర ఆ మాటకు ఆపరేషన్ అనే అర్థం స్థిరపడిపోయింది. పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆ ఆపరేషనే అయింది, మాత్రలు, లూపు వాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టంలోనే రాశారు, 2024లో తీసేశారు. ఇన్నేళ్లూ ఎంతమందితో ఆపాలన్నదే చెప్పారు తప్ప, మొదటి బిడ్డను ఎప్పుడు కనాలన్నది కొత్త పెళ్లికూతురితో, అంతకంటే ముఖ్యంగా పెళ్లికొడుకుతో కూర్చుని మాట్లాడింది లేదు. అందుకే పద్దెనిమిదికి ఒకరు, ఇరవైకి ఇంకొకరు, వెంటనే ఆపరేషన్, ఇక బాధ్యత తీరిపోయినట్టే లెక్క.

తన ఎదుగుదలే ఇంకా పూర్తికాని పిల్ల, అందులోనూ రక్తం తక్కువ. అలాంటి కడుపుకి బీపీ పెరగడం, నెలలు నిండకుండా కాన్పవడం, బిడ్డ రెండున్నర కిలోలు కూడా లేకపోవడం ఎక్కువ.

పెళ్లి కాకుండా నెల తప్పిన పిల్లల సంగతి వేరే. పిల్లలపై లైంగిక నేరాలను ఆపడానికి 2012లో పోక్సో చట్టం వచ్చాక పద్దెనిమిది లోపు అయితే డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి, ఆ భయానికి ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలతో సరిపెట్టేస్తున్నారు. మైనరుకు 24 వారాల వరకు గర్భస్రావానికి 2021 సవరణ వీలిచ్చిందనీ, పరస్పర ఇష్టంతో జరిగినదైతే, ఆ పిల్లా తల్లిదండ్రులూ కోరినప్పుడు డాక్టరు పోలీసులకిచ్చే రిపోర్టులో ఆ పిల్ల పేరు రాయక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పిందనీ ఈ ఇళ్లలో తెలిసినవాళ్లు తక్కువ.

గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, వారం మాత్ర ఛాయ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. మొదటి కాన్పు వాయిదాకు అవి పనికొస్తాయి. కానీ ఆశా కార్యకర్త ఆ మాట ఎత్తితే కోడలి కంటే ముందు అత్తగారే, "తొలికాన్పు కాకముందే మందులేంది, మళ్లీ కడుపు పండదు" అంటుంది. మొగుడు వాకిట్లో ఫోన్ చూసుకుంటూ ఉంటాడు.